సొరంగం వచ్చేలోపే మీ గోడల చిట్టా రాసిపెట్టుకోండి

ప్రశ్న: మాది చెన్నైలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. 1962లో తాతగారు సున్నంతో కట్టించిన ఇల్లు, కర్ర దూలాల మీద ఇటుకలు పేర్చి వేసిన మద్రాస్ టెర్రస్ కప్పు. 1994లో వెనకవైపు సిమెంటుతో రెండు గదులు కలిపాం. వీధి గదిలో తమ్ముడి పచ్చళ్ళ కొట్టు. మెట్రో రెండో దశ స్టేషను గొయ్యి మాకు 70 మీటర్ల దూరంలో తవ్వుతున్నారు. సొరంగం 18 మీటర్ల లోతున, మా గోడకు 12 మీటర్ల అవతల నుంచి పోతుందట. వచ్చే గురువారం 'బిల్డింగ్ కండిషన్ సర్వే'కి వస్తాం, సంతకం కావాలి అని కాగితం ఇచ్చారు. పెడితే అన్నిటికీ ఒప్పుకున్నట్టేనా? వంటింటి కిటికీ మూల ఒక బీట కనిపిస్తోంది, అది దీనివల్లేనా? రాత్రి మోతకు అమ్మకు (78 ఏళ్ళు) నిద్ర లేదు. బోరు నీళ్ళు తగ్గాయి. బారికేడ్లు వేశాక కొట్టుకు గిరాకీ సగమైంది. అమ్మేసి పోదాం అంటున్నాడు తమ్ముడు. ఏం చేయమంటారు? - ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: సంతకం పెట్టండి. కాకపోతే ఎలా పెట్టాలో తెలుసుకుని పెట్టండి. ఆ సర్వే మీకు వ్యతిరేకమైనదని చాలామంది తలుపులు వేసుకుంటారు. అది పెద్ద పొరపాటు. రేపు గోడ బీటలిస్తే కాంట్రాక్టరూ, అతని బీమా కంపెనీ సర్వేయరూ ముందు అడిగే మాట ఒకటే: 'ఇది పని మొదలుకాక ముందు లేదని రుజువేది?' సర్వే చేయనివ్వని ఇంటికి ఆ రుజువు ఉండదు. ఆపైన చెప్పబోయే బీట, మోత, నీళ్ళు, గిరాకీ అన్నీ చివరికి ఈ ఒక్క చోటికే వస్తాయి: ఏ తేదీన ఏది ఎలా ఉందో మీ దగ్గర రాతలో ఉందా, లేదా.

సర్వేకి సాధారణంగా ఇద్దరు ముగ్గురు కుర్ర ఇంజనీర్లు వస్తారు. ఫొటోలు తీస్తారు, కాగితం మీద గోడల బొమ్మ గీసి బీటల చోట్లు గుర్తిస్తారు, గంటలో వెళ్ళిపోతారు. వాళ్ళు సామాన్యంగా వదిలేసేవి చెబుతాను, మీరే దగ్గరుండి చూపించండి. గోడకు ఆనించిన బీరువా వెనక భాగం, స్నానాలగది టైల్సు, మేడ మీది పిట్టగోడ, ప్రహరీ, నేల కింది నీళ్ళ సంపు లోపలి గోడలు, మెట్ల కింది చీకటి మూల. మీ ఇంటికి అన్నిటికంటే ముఖ్యమైనది 1962 నాటి సున్నపు గోడకూ 1994 నాటి సిమెంటు గదులకూ మధ్య అతుకు. పాత పునాది లోతు వేరు, కొత్త పునాది లోతు వేరు. నేల కాస్త కదిలినా రెండూ ఒకేలా కదలవు, అతుకు దగ్గరే నెర్రె విడుస్తుంది. ఇప్పటికే అక్కడ సన్నని గీత ఉండే ఉంటుంది. దాన్ని దాచకండి. ఉన్నదాన్ని ఉన్నట్టు ఒప్పుకున్న నివేదికే రేపు కొత్తగా వచ్చినదాన్ని కొత్తదని నిలబెడుతుంది.

సంతకం దగ్గర రెండు జాగ్రత్తలు. ఖాళీ గళ్ళున్న కాగితం మీద పెట్టకండి. 'అభ్యంతరం లేదు' అన్న వాక్యం ఎక్కడైనా ఉంటే కొట్టేసి పక్కన పొట్టి సంతకం చేయండి. అసలు సంతకం పైన మీ చేతిరాతతో ఇలా రాయండి: 'సర్వే జరిగినట్టు మాత్రమే ఈ సంతకం. ఫలానా గదులు చూశారు, ఫలానావి చూడలేదు. ఫొటోలతో సహా నకలు ఇవ్వవలెను.' ప్రతి పేజీనీ ఫోనులో ఫొటో తీసుకోండి. మీకు తెలుగులో రాసుకోవడం తేలికైనా, ఆఫీసుకు పోయే కాగితం తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉండాలి.

వాళ్ళ సర్వేతో పాటు మీదీ ఒకటి ఉండాలి. ఫోనుతో గది గదికీ వీడియో తీయండి. తలుపు దగ్గర మొదలుపెట్టి కుడిచేతివైపుగా నాలుగు గోడలూ, కప్పు, నేల, అదే వరుస అన్ని గదులకూ. బీట ఉన్నచోట పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఫొటో. అయిపోయాక మెట్రో సంస్థ ఫిర్యాదుల ఈమెయిలుకు జత చేసి పంపండి, నకలు మీకే ఒకటి పంపుకోండి. ఫోనులో తేదీ మార్చారని ఎవరైనా అనవచ్చు, ఈమెయిలు చేరిన తేదీని అనలేరు. వీలైతే ఈ నెలలో ఒకసారి, అక్టోబరు-డిసెంబరు వానల్లో ఇంకోసారి తీయండి. చెన్నైలో బంకమన్ను వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది, మెట్రో లేకపోయినా పాత ఇళ్ళ తలుపులు నవంబరులో బిగుసుకుంటాయి. ఆ తేడా మీ చిట్టాలో ముందే ఉండాలి.

ఇక వంటింటి బీట. ఫొటో చూడకుండా తీర్పు చెప్పలేం గానీ, మీరే చూసి తేల్చుకోగల గుర్తులున్నాయి. టార్చి వేసి బీట లోపలికి చూడండి. లోపల పాత రంగు, మసి, సాలెగూడు ఉంటే అది పాతదే. అంచులు పదునుగా, లోపల ఇటుక పొడి శుభ్రంగా కనిపిస్తే కొత్తది. కప్పూ గోడా కలిసేచోట అడ్డంగా పోయే గీత సాధారణంగా ఎండకు మేడ వ్యాకోచించడం వల్ల వచ్చేది, దానికీ సొరంగానికీ సంబంధం ఉండదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకో కిందికో పాకుతూ, ఒక చివర సన్నగా ఇంకో చివర వెడల్పుగా ఉంటే మాత్రం పునాది ఒకవైపు కుంగుతున్నదని అనుమానించాలి.

వెడల్పును బట్టి ఇంజనీర్లు వాడే వరుస ఒకటుంది. 1 మిల్లీమీటరు లోపు ఉంటే రంగుతో పోయే పని. 5 మిల్లీమీటర్ల దాకా గార పూసి సరిచేసుకోగల బీట, తలుపులు కాస్త పట్టేయవచ్చు. 5 నుంచి 15 మధ్య అయితే ఇటుకలు తీసి కట్టాల్సి రావచ్చు, నీళ్ళ గొట్టాలు తెగవచ్చు. 15 దాటితే గోడ భారం మోసే పని అనుమానంలో పడుతుంది. 25 దాటితే ఆ ఇంట్లో ఉండకూడదు. మీరు 'కనిపిస్తోంది' అన్నారు కాబట్టి బహుశా మొదటి మెట్టులోనే ఉంది. అది ఆగిందా, పెరుగుతోందా అన్నదే అసలు ప్రశ్న.

దాన్ని కనిపెట్టడానికి పెద్ద పరికరాలక్కర్లేదు. బీట రెండు చివర్లలోనూ పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేయండి. బీటకు అటొకటి, ఇటొకటి, మూడోది త్రికోణంగా మూడు ఇత్తడి స్క్రూలు బిగించండి. స్క్రూ తలల మధ్య దూరం వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. మూడు స్క్రూలు ఎందుకంటే బీట వెడల్పవుతోందా, గోడ కిందికి జారుతోందా అన్న రెండూ తెలుస్తాయి. గాజు పలకను బీట మీద అడ్డంగా అంటించే పాత పద్ధతీ మంచిదే. గాజు పగిలితే కదిలినట్టు. ఎంత కదిలిందో మాత్రం అది చెప్పదు. రోజూ ఒకే వేళకు, ఎండ ఎక్కక ముందు కొలవాలి. మధ్యాహ్నం కొలతకూ ఉదయం కొలతకూ ఎండవల్లే తేడా వస్తుంది. మామూలుగా వారానికోసారి చాలు. సొరంగం తొలిచే యంత్రం 50 మీటర్ల లోపుకు వచ్చాక రోజూ.

సొరంగం మీ ఇంటిని ఎంత కుంగదీయగలదో ఒక లెక్క వేసి చూద్దాం, భయం ఎక్కడ పడాలో తెలుస్తుంది. యంత్రం తొలిచే రంధ్రం వ్యాసం 6.6 మీటర్లనుకుందాం, అంటే అడ్డకోత దాదాపు 34 చదరపు మీటర్లు. ఎంత జాగ్రత్తగా తొలిచినా చుట్టూ మట్టి కొంత లోపలికి సర్దుకుంటుంది. బాగా సాగే పనిలో దీన్ని అడ్డకోతలో 1 శాతంగా లెక్కిస్తారు. పైన నేల మీద అది లోతు తక్కువ మూకుడులా కుంగుతుంది. 18 మీటర్ల లోతున, బంకమన్నులో, సొరంగం నడినెత్తిన దాదాపు 15 మిల్లీమీటర్లు. 12 మీటర్ల పక్కనున్న మీ మొదటి గోడ దగ్గర 6. ఇంకో 9 మీటర్లు దాటి మీ వెనక గోడ దగ్గర 1. అంటే 9 మీటర్ల పొడవులో 5 మిల్లీమీటర్ల తేడా, 1800లో ఒక వంతు వాలు. 300లో ఒక వంతు వాలు వస్తే గోడలు బీటలివ్వడం మొదలవుతుందని, 150లో ఒక వంతైతే కట్టడానికే దెబ్బ అని లెక్క. భద్రంగా ఉండాలంటే 500లో ఒక వంతు దాటకూడదంటారు. మట్టి 1కి బదులు 2 శాతం సర్దుకున్నా మీకు 900లో ఒక వంతే. అదే ఇసుక నేలైతే మూకుడు లోతుగా, ఇరుకుగా ఉంటుంది. నడినెత్తిన 25 దాకా కుంగినా మీ గోడ దగ్గరికి 2 మిల్లీమీటర్లే వస్తుంది. రానూ పోనూ సొరంగాలు రెండు ఉంటాయి. రెండోది మీకు ఇంకా అవతలైతే అది కలిపేది బాగా తక్కువ, ఇవతలైతే లెక్క మారుతుంది. మీరు చెప్పిన 12 మీటర్లు ఏ సొరంగానికో అడిగి రాసుకోండి.

కాబట్టి యంత్రం మామూలుగా సాగిపోతే మీ ఇంటికి పెద్ద గండం లేదు. సున్నపు గోడలు సిమెంటు గోడల కంటే ఈ పాటి కదలికను బాగానే ఓర్చుకుంటాయి. ప్రమాదం ఉన్నదల్లా అది మామూలుగా సాగనప్పుడే. 2017 ఏప్రిల్ 9న చెన్నై అన్నాసాలై మీద రోడ్డు కుంగి ఒక సిటీ బస్సు, ఒక కారు గుంటలో దిగబడ్డాయి. కింద మొదటి దశ సొరంగం పని జరుగుతోంది. 2019 ఆగస్టు 31న కోల్‌కతా బౌబజార్‌లో యంత్రం నీళ్ళున్న పొరను తాకింది. నీటితో పాటు మట్టి సొరంగంలోకి కొట్టుకొచ్చి పైన ఇళ్ళు కూలాయి, కుటుంబాలకు కుటుంబాలను హోటళ్ళకు తరలించారు. 2022లో మే నెలలో ఒకసారి, అక్టోబరులో మరోసారి అక్కడే ఇళ్ళు బీటలిచ్చాయి. ఆ ముక్క పూర్తయి రైళ్ళు నడిచేసరికి 2025 ఆగస్టు అయింది. రెండు చోట్లా మూలం మట్టి తత్వమే. యంత్రం ముందు మొహం మీద మట్టిని, నీటిని ఆపే ఒత్తిడి ఒక్కసారి తప్పితే సొరంగంలోకి రావలసిన దానికంటే ఎక్కువ మట్టి వచ్చేస్తుంది, పైన డొల్ల ఏర్పడుతుంది. సొరంగం గోడగా 1.4 మీటర్ల వెడల్పు కాంక్రీటు రింగు ఒకటి బిగించడానికి తవ్వాల్సింది సుమారు 48 ఘనమీటర్ల నేల. బయటికొచ్చిన మట్టి బరువు దానికి మించితే ఆ తేడా మీ వీధి కింద ఖాళీగా ఉన్నట్టే. ఆ తూకం పుస్తకం ప్రతి యంత్రానికీ ఉంటుంది.

ఈ యంత్రాలకు చెన్నైలో ఫ్లెమింగో, పెలికాన్, పీకాక్, నీలగిరి, కావేరి అని పేర్లు పెట్టారు. ప్రారంభోత్సవం ఫొటోలకేనేమో అనిపిస్తుంది గానీ మీకూ పనికొస్తాయి. 'మా వీధికి వచ్చే యంత్రం పేరేమిటి, ఇవాళ ఎన్నో రింగులో ఉంది, మా ఇంటి పక్కకు ఎన్నో రింగులో వస్తుంది?' అని సైటు ఆఫీసులో అడగండి. ఇంత సూటిగా అడిగినవాళ్ళకు దాటవేత జవాబు ఇవ్వడం కష్టం. మంచి నేలలో రోజుకు 8-10 మీటర్లు సాగుతుంది. మీ ఇంటి మీద దాని ప్రభావం ఉండేది దాదాపు 60 మీటర్ల మేర, అంటే వారం రోజులు. సొరంగాలు రెండు కాబట్టి రెండో యంత్రానికి మళ్ళీ వారం. ముందుకు సాగుతున్నప్పటి కంటే ఆగినప్పుడే ఎక్కువ కనిపెట్టాలి. అరిగిన కత్తులు మార్చడానికి ఆపి, గాలి ఒత్తిడితో మట్టిని నిలబెట్టి మనుషులు ముందు గదిలోకి దిగుతారు. ఆ ఆగుడు మీ ఇంటి పక్కన కాకుండా ముందే ఎంచిన గట్టి నేలలో ఉండాలి. దీన్నీ అడగవచ్చు.

ఆ రెండు వారాలూ అమ్మగారిని వేరేచోట పడుకోబెట్టడం మంచిది. బలహీనమైన ఇళ్ళవాళ్ళను యంత్రం దాటేదాకా హోటల్లో ఉంచడం ఈ రంగంలో ఉన్న పద్ధతే. మీరు రాతపూర్వకంగా అడగండి, 'వయసు 78, ఇల్లు 1962 నాటిది' అని రెండు ముక్కలు రాస్తే చాలు. ఇంట్లో ఉన్నవాళ్ళు గమనించాల్సిన గుర్తులు నాలుగే: వీధిలో కొత్తగా పల్లమో ఉబ్బో, బోరు గొట్టంలోంచి గానీ మరుగుదొడ్డిలోంచి గానీ నురుగు లేదా బుడగలు, కుళాయి నీళ్ళలో ఒక్కసారిగా బురద, నిన్న మూసుకున్న తలుపు ఇవాళ మూసుకోకపోవడం. మొదటి రెండిట్లో ఏది కనబడినా గ్యాసు, మోటారు ఆపి అందరూ బయటికి రండి, తర్వాత ఫోను చేయండి.

బోరు మాట వచ్చింది కాబట్టి పెరట్లో సంగతి చెప్పాలి. మీ ఉత్తరంలో లేదు గానీ, 1962 ఇల్లంటే పెరట్లో బావి ఉండే ఉంటుంది, ఏ ఎనభైల్లోనో బండ వేసి మూసేసి ఉంటారు. ఆ తర్వాత 60 అడుగుల బోరు వేసి, అది ఎండితే ఇంకోటి వేసి ఉంటారు. 60 అడుగులంటే 18 మీటర్లు, అంటే సరిగ్గా సొరంగం లోతు. యంత్రం లోపలి ఒత్తిడికి, మట్టిని మెత్తపరచడానికి అది వాడే నురుగుకు పైకొచ్చే తేలిక దారి అలాంటి పాత గొట్టమే. సొరంగం దారిలోనే ఉంటే ఇనుప కేసింగు కత్తులకు చుట్టుకుని యంత్రం అక్కడే నిలిచిపోతుంది. ఆ నిలిచిపోవడం ఎంత చేటో పైన చెప్పాను. పాత బోర్ల పటం ఏ ఆఫీసులోనూ ఉండదు, ఇంటి పెద్దల జ్ఞాపకంలోనే ఉంటుంది. అమ్మగారిని కూర్చోబెట్టి అడగండి, ఇరుగుపొరుగునూ అడగండి, చోట్లు గుర్తుపెట్టి రాసివ్వండి. పర్మిషను లేకుండా వేసిన బోరని దాచిపెడితే నష్టం మీకే.

నీళ్ళు తగ్గడానికి కారణం సొరంగం కాదు, బహుశా స్టేషను గొయ్యి. గొయ్యి చుట్టూ ముందు దాదాపు మీటరు మందాన కాంక్రీటు గోడలు దింపుతారు, దాన్నే డయాఫ్రం గోడ అంటారు. ఆ తర్వాత లోపల తవ్వుతూ ఊరే నీటిని తోడేస్తారు. గోడ పలకల అతుకుల్లోంచో అడుగునుంచో నీరు వస్తూనే ఉంటే చుట్టుపక్కల నీటిమట్టం దిగుతుంది. మైలాపూరు తిరుమయిలై స్టేషనులా రెండు మెట్రో మార్గాలు (కారిడార్లు) కలిసేచోట గొయ్యి 35 మీటర్ల దాకా పోతుంది. అంత లోతు గొయ్యి దగ్గర ఇది ఇంకా జాగ్రత్తగా చూడాలి. నీటిమట్టం దిగితే బంకమన్ను కూడా కుంగుతుంది. అది సొరంగం మూకుడు కంటే చాలా దూరం పాకుతుంది. నా అంచనా అడిగితే మీ వంటింటి బీటకు కారణమంటూ బయట ఉంటే అది ఇదే అయ్యుండాలి, ఎందుకంటే సొరంగం ఇంకా మీ దాకా రాలేదు. తాడుకు బరువు కట్టి బావిలోనో వాడని బోరులోనో నీటిమట్టం వారం వారం కొలవండి. గొయ్యి చుట్టూ వాళ్ళకూ నీటిమట్టం చూసే గొట్టాలుంటాయి, ఆ రీడింగులు అడగండి. నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి అడిగితే ట్యాంకరు నీళ్ళు ఇప్పించుకోవచ్చు. తోడిన నీటిని ఇంకుడు బావుల ద్వారా తిరిగి నేలలోకి పంపమనీ రాయండి.

రాత్రి మోత విషయంలో అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. కొన్ని ఆపలేనివి, కొన్ని ఆపగలిగినవి. డయాఫ్రం గోడ పలకకు కాంక్రీటు పోయడం మొదలైతే మధ్యలో ఆపకూడదు. ఆపితే అక్కడ అతుకు పడి రేపు నీళ్ళు కారేది అందులోంచే. మట్టి లారీలు రాత్రే తిరుగుతాయి, పగలు ఆ రోడ్ల మీద భారీ వాహనాలను పోనివ్వరు కాబట్టి. అయితే రాయి తగిలినప్పుడు టన్నుల బరువు ఉలిని పైనుంచి వదిలి కొట్టడం, బ్రేకరుతో కాంక్రీటు పగలగొట్టడం, జనరేటరును మీ గోడవైపు పెట్టడం, లారీల రివర్సు హారన్లు, ఇనుప పలకలను విసిరి పడేయడం... వీటిలో ఒక్కటీ రాత్రి 10 తర్వాత ఉండాల్సిన అవసరం లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి. దాన్ని 10 డెసిబెల్స్ మించితే పోలీసులకు ఫిర్యాదు చేసే హక్కు ఉంది, కాలుష్య నియంత్రణ మండలికీ రాయవచ్చు. ముంబైలో మెట్రో మూడో లైను పనులప్పుడు కఫ్ పరేడ్ వాసి ఒకరు వేసిన వ్యాజ్యంలో 2017లో బాంబే హైకోర్టు రాత్రి పని ఆపించింది, మరుసటి ఏడాది షరతులతో సడలించింది. మీరు కోర్టు దాకా పోనక్కర్లేదు. ఫోను యాపు చూపే డెసిబెల్స్ సాక్ష్యంగా నిలవవు గానీ, 'ఫలానా రాత్రి 11.40 నుంచి 1.15 దాకా ఉలి దెబ్బలు' అన్న పదిహేను రోజుల చిట్టా నిలుస్తుంది. అడగాల్సింది కూడా 'మోత ఆపండి' అని కాదు. 'కాంక్రీటు పోసే రాత్రులు రెండు రోజులు ముందు చెప్పండి, ఉలి, బ్రేకరు 10 తర్వాత వద్దు, జనరేటరును అటు తిప్పండి' అని.

అదురు గురించి ఒక్క మాట. అలమరలో గిన్నెలు గలగలమంటే ఇల్లు పడిపోతుందేమో అనిపిస్తుంది. మనిషి ఒంటికి సెకనుకు 0.3 మిల్లీమీటర్ల కంపనం చాలు తెలియడానికి. మామూలు ఇంటికి దెబ్బ తగలాలంటే 5 దాటాలి, మీలాంటి పాత ఇంటికి 3 అని పెట్టుకుందాం. అంటే ఇంటికి దెబ్బ తగిలే కంపనంలో పదో వంతుకే మనకు తెలిసిపోతుంది. ఇంటి గోడకు కంపనమాపకం పెట్టమని అడగండి, ముఖ్యంగా ఉలి పని ఉన్న రోజుల్లో.

కొట్టు సంగతిలో మీకు నచ్చని మాట చెప్పాలి. స్థలమో గదో తీసుకుంటే పరిహారం లెక్క ఉంటుంది. అద్దెకున్నవాళ్ళకూ ఉంటుంది. దుకాణం ఉన్నచోటే ఉండి గిరాకీ పడిపోతే మాత్రం పరిహారం దానంతట అది రాదు. ఈ రెండో దశకు జైకా, ఏడీబీ, ఏఐఐబీ, ఎన్‌డీబీ అనే అంతర్జాతీయ రుణసంస్థలు అప్పులిచ్చాయి. అప్పిచ్చేవాళ్ళు పునరావాస ప్రణాళిక అడుగుతారు, అందులో ఎవరికి దేనికి ఎంత అన్న హక్కుల పట్టిక ఉంటుంది. మీ కారిడారు ప్రణాళిక తెప్పించుకుని, తాత్కాలికంగా ఆదాయం పోయినవాళ్ళకు ఏం రాశారో చదవండి. అందులో ఉంటే తమ్ముడు బారికేడ్లు వేయక ముందు రెండేళ్ళ జీఎస్టీ రిటర్నులు, యూపీఐ జమల స్టేట్‌మెంట్లు, సరుకు కొన్న బిల్లులు దగ్గర పెట్టుకోవాలి. నోటి లెక్క చెల్లదు. లేకపోయినా అడిగి సాధించుకోగలిగినవి ఉన్నాయి: కొట్టు ముందు కనీసం మీటరున్నర నడకదారి, దానికి దీపాలు, బారికేడు రేకు మీద బాణం గుర్తుతో కొట్టు బోర్డు, పొద్దున 7 లోపు సరుకు ఆటో రావడానికి గేటు. పచ్చళ్ళు నిలవుండే సరుకు కాబట్టి మీ తమ్ముడిది పూలకొట్టు కంటే మెరుగు. గడప దగ్గరి అమ్మకం తగ్గినన్నాళ్ళూ ఇంటికి పంపే ఆర్డర్ల మీద పడమనండి. వీధిలో పూలు, పండ్లు అమ్మేవాళ్ళుంటే వాళ్ళకు 2014 నాటి వీధి విక్రయదారుల చట్టం ఉంది, గుర్తింపు పత్రం ఉందో లేదో ఇప్పుడే చూసుకోమని చెప్పండి.

వానలు రాకముందే ఇంకో పని. గొట్టాలు, కేబుళ్ళు మార్చేటప్పుడు వాననీటి కాలువను తాత్కాలికంగా మూసి మరిచిపోతారు. గొయ్యి పనిలో వాడే బెంటనైట్ అనే బంకమట్టి బురద మురుగు మాన్‌హోల్‌లోకి పోతే అడుగున పేరుకుని మురుగు ఇళ్ళలోకి వెనక్కి తంతుంది. సెప్టెంబరులోనే వీధివాళ్ళు కలిసి కాలువ మూతలు తీయించి, నీరు ఎటు పోతుందో కాంట్రాక్టరు మనిషికి దగ్గరుండి చూపించండి.

ఫిర్యాదులు ఎప్పుడూ రాతలోనే. మొదట సైటు బోర్డు మీదున్న ప్రజాసంబంధాల అధికారికి, జవాబు రాకపోతే మెట్రో సంస్థ ఫిర్యాదుల కమిటీకి, అక్కడా కదలకపోతే అప్పిచ్చిన బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి. మధ్యలో సమాచార హక్కు చట్టం ఉంది. కదలిక కొలవడానికి మీ గోడకు బిగించే బిళ్ళలకు, గాజు ప్రిజమ్‌లకు నంబర్లుంటాయి, ఆ నంబర్లు వేసి 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా రీడింగులు' అని అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. 'మా ఇల్లు సురక్షితమేనా' అని అడిగితే ఒక్క ముక్కలో 'సురక్షితమే' అని వస్తుంది.

బీట పడితే వాళ్ళు వచ్చి చూసేదాకా పూత పూయకండి. మరమ్మతు చేసి 'ఇక మాకే అభ్యంతరమూ లేదు' అన్న కాగితం తెస్తే అప్పటికప్పుడు సంతకం పెట్టకండి. యంత్రాలు రెండూ దాటిపోయాక కూడా బంకమన్ను నెలల తరబడి సర్దుకుంటుంది. వరసగా మూడు నెలల పాటు మీ స్క్రూల కొలత మారలేదని తేలాకే చివరి సంతకం. అప్పటిదాకా 'ఫలానా పని జరిగింది' అని మాత్రమే రాసివ్వండి.

అమ్మడం మాటకు వస్తే, ఇప్పుడు అమ్మితే గొయ్యిని, బారికేడ్లను, బీటను చూసి ధర కడతారు. రైలు నడిచాక స్టేషనును చూసి కడతారు. డబ్బు అవసరం లేకపోతే ఈ రెండు మూడేళ్ళలో అమ్మడమంత నష్టం ఇంకోటి లేదు. అయితే ఇంకో అంతస్తు వేసే ఆలోచన ఉంటే ముందే తెలుసుకోండి, సొరంగం దగ్గరి స్థలాల్లో కొత్త పునాదికీ బోరుకీ మెట్రో సంస్థ నిరభ్యంతర పత్రం అడుగుతారు.

గురువారానికి ఇంకా టైముంది. బీరువాలు గోడ నుంచి జరపండి, స్నానాలగదిలో బల్బు మార్చండి. పెరట్లో బావి ఉంటే బండ తీయించి నీటిమట్టం, బావి అడుగు దాకా ఉన్న లోతు రెండూ తాడుతో కొలిచి గోడ మీద బొగ్గుతో తేదీ వేసి రాయండి. సర్వేకి వచ్చినవాళ్ళ చేత మొదటి ఫొటో దానిదే తీయించండి.